జగదీశ్ చంద్ర బోస్ సంతకం పెట్టని కాగితం



మొన్న మన బ్రాంచిలో జరిగిన సైన్స్ ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్లకి ఎనిమిదో తరగతి పిల్లలు చేసిన స్మార్ట్ సిటీ మోడల్ గుర్తుండే ఉంటుంది. థర్మాకోల్ రోడ్లు, ఐస్‌క్రీమ్ పుల్లలతో బస్టాపు, చీకటి పడగానే వాటంతటవే వెలిగే వీధి దీపాలు, నిండితే ఫోన్‌కి మెసేజ్ పంపే చెత్తకుండీ. ఆ రోజు ఒక నాన్నగారు నన్ను పక్కకి పిలిచి, పిల్లలు చేసిన ఈ చెత్తకుండీకి పేటెంట్ తీసుకోవచ్చా మేడమ్ అని అడిగారు. సరదాకి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. కనుక్కుని చెప్తానన్నాను. తరగతిలో నేను చెప్పేది ఫిజిక్స్. పేటెంట్ల సంగతి మా సిలబస్‌లో ఒక్క పాఠంలో కూడా లేదు.

ఆ సాయంత్రం మోడల్ విప్పి సర్దుతున్నప్పుడు ఆ చెత్తకుండీ అడుగున అతికించిన చిన్న బోర్డు చేతిలోకి తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో కొన్న వైఫై బోర్డు. మెసేజ్ పంపే పని అంతా దానిదే. ఆ వైఫై పద్ధతిలో ఎన్నో కంపెనీల పేటెంట్లు ఉన్నాయి. అంటే పేటెంట్ తీసుకోవచ్చా అన్న ప్రశ్న కన్నా ముందు, ఇప్పటికే ఎవరెవరి పేటెంట్లు ఇందులో ఉన్నాయి అన్న ప్రశ్న వస్తుంది. అది వెతుక్కుంటూ వెళ్తే వందేళ్లకు పైగా వెనక్కి, కలకత్తాలోని ఒక కాలేజీ గదికి చేరాను. ఈ నెల ఆ గదిలో పనిచేసిన మనిషి గురించి మీకు చెప్పాలనుకుంటున్నాను. సుభాష్ చంద్ర బోస్ కాదు, ఐన్‌స్టీన్‌తో కలిసి పేరు వినిపించే సత్యేంద్రనాథ్ బోస్ కూడా కాదు. ఆ సత్యేంద్రనాథ్‌కి పాఠం చెప్పిన జగదీశ్ చంద్ర బోస్.

ఆయన 1858 నవంబర్ 30న తూర్పు బెంగాల్‌లో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదా ఉన్నవాళ్లు అప్పట్లో కొడుకుల్ని ఇంగ్లిష్ బడికి పంపేవారు. ఈయన మాత్రం పంపలేదు. ముందు సొంత భాష, సొంత మనుషులు తెలియాలి, ఇంగ్లిష్ తర్వాత నేర్చుకోవచ్చు అని ఊళ్లో బెంగాలీ బడిలో చేర్పించారు. అక్కడ జగదీశ్‌కి ఒక పక్క తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్క జాలరి కొడుకు కూర్చునేవారు. చేపల సంగతులు, పక్షుల సంగతులు, నీళ్లలో బతికే జీవాల సంగతులు వాళ్ల దగ్గరే విన్నారు. ప్రకృతి మీద ఆసక్తి అక్కడే పట్టుకుందని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నారు. ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని, ఇంగ్లిష్ మీడియం బడి పత్రికలో ఈ మాట రాస్తున్నందుకు మీరు నవ్వుకోవచ్చు. నేను కూడా కొంచెం నవ్వుకున్నాను. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాలి కదా.

1869లో కలకత్తా వచ్చి ముందు హేర్ స్కూల్లో, తర్వాత సెయింట్ జేవియర్స్‌లో చదివారు. కాలేజీలో ఫాదర్ లఫోఁ అనే జెస్యూట్ గురువు ప్రయోగాలు చేసి చూపిస్తూ పాఠం చెప్పేవారు. ఫిజిక్స్ మీద ప్రేమ కలిగించింది ఆయనే. తండ్రి పెట్టిన వ్యాపారాలు దెబ్బతిని ఇల్లు అప్పుల్లో ఉన్నా, 1880లో డాక్టరు చదువు కోసం లండన్ వెళ్లారు. అస్సాంలో పట్టుకున్న జ్వరం అక్కడా వదల్లేదు. మెడిసిన్ మానేసి కేంబ్రిడ్జ్‌లో సైన్స్ చదివారు. అక్కడ లార్డ్ రేలీ ఆయనకు గురువు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1885లో తిరిగి వచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరారు. అప్పటి రూలు ఏమిటంటే, ఒకే ఉద్యోగానికి భారతీయుడికి తెల్లవాడి జీతంలో మూడింట రెండు వంతులే. ఈయనది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం. అంటే పక్క గదిలో పాఠం చెప్పే ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కి వచ్చేదాంట్లో మూడో వంతు. బోస్ గొడవ పడలేదు, రాజీనామా చేయలేదు. పాఠాలు చెప్తూనే జీతం తీసుకోవడం మానేశారు. ఒక నెల కాదు, ఒక ఏడాది కాదు, మూడేళ్లు.

ఆ మధ్యలోనే 1887లో పెళ్లయింది. భార్య అబల అప్పటికే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన అమ్మాయి. కలకత్తా మెడికల్ కాలేజీ ఆడపిల్లల్ని చేర్చుకోకపోవడంతో, మన కోస్తా జిల్లాలకి కూడా అప్పటి రాజధాని అయిన మద్రాసుకి వచ్చి చదువుకున్నారు. జీతం లేని భర్తతో కాపురం ఎలా ఉంటుందో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. కలకత్తాలో అద్దెలు భరించలేక దూరంగా చందన్‌నగర్‌లో ఉన్నారు. రోజూ హుగ్లీ నది దాటి రైలెక్కాలి. ఆయన్ని అవతలి ఒడ్డున దించి, పడవ తిరిగి తెచ్చుకోవడం అబలగారి పని. మూడేళ్ల తర్వాత కాలేజీ అధికారులే దిగివచ్చి పూర్తి జీతంతో ఉద్యోగం ఖాయం చేశారు, పాత బకాయి మొత్తం ఇచ్చారు. ఆ డబ్బు తండ్రి అప్పులకి వెళ్లింది.

డబ్బు లేకపోవడం అంటే ఏమిటో ఈ మనిషికి తెలుసు అని చెప్పడానికే ఇదంతా చెప్పాను. ఆ తర్వాత జరిగినదాన్ని డబ్బు విలువ తెలియనివాడి గొప్పతనంగా చూడకండి.

1894లో ముప్ఫై ఆరో పుట్టినరోజున పరిశోధనకే జీవితం ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. జర్మనీలో హెర్ట్జ్ కంటికి కనిపించని విద్యుత్ తరంగాలు ఉన్నాయని నిరూపించి అప్పటికి ఆరేడేళ్లు. వాటితో ఏం చేయాలో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ప్రెసిడెన్సీ కాలేజీలో భారతీయ ప్రొఫెసర్‌కి ల్యాబు లేదు. బాత్రూమ్ పక్కన ఖాళీగా ఉన్న చిన్న చోటుని ల్యాబుగా మార్చుకున్నారు. పరికరాలు చేసిపెట్టడానికి ఒక రేకుపని చేసే అతన్ని కుదుర్చుకుని, తానే నేర్పించి చేయించుకున్నారు.

ఆయన ఆలోచన ఎంత తేలికగా ఉందో చూడండి. హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి. వాటి గుణాలు పరీక్షించాలంటే పెద్ద పెద్ద అద్దాలు, పెద్ద హాలు కావాలి. తరంగాన్నే చిన్నది చేస్తే? బోస్ దాన్ని 5 మిల్లీమీటర్ల వరకు దించారు. మొత్తం సామాను ఒక బల్ల మీద పట్టింది. తరంగాన్ని ఒక దిక్కుకి పంపడానికీ పట్టుకోవడానికీ గరాటులాంటి లోహపు గొట్టం చేశారు. హార్న్ యాంటెన్నా అని ఇప్పుడు ఇంజనీరింగ్‌లో చదివేది అదే. తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయో వడకట్టడానికి ఏం వాడారో తెలుసా? బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం. పేజీకీ పేజీకీ మధ్య తగరపు రేకులు పెట్టారు, అంతే. ఇంకో ప్రయోగానికి మెలితిప్పిన జనపనార వాడారు. బెంగాల్‌లో దానికేం కొదవ? ప్రాజెక్టుకి ఫలానా కిట్టే కావాలని పిల్లలు మీ ప్రాణం తీసినప్పుడు ఈ రైల్వే టైమ్‌టేబుల్ సంగతి చెప్పండి.

1895లో కలకత్తా టౌన్ హాల్లో అందరి ముందు చూపించారు. ఒక గదిలోంచి బయల్దేరిన తరంగం గోడలు దాటి, మధ్యలో అడ్డంగా కూర్చున్న బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ శరీరం కూడా దాటి, అవతల గంట మోగించింది, తుపాకీ మందు పేల్చింది. మధ్యలో తీగ లేదు. అదే ఏడాది ఆయన పరిశోధన పత్రాన్ని లండన్ రాయల్ సొసైటీకి పంపింది పాత గురువు లార్డ్ రేలీయే. 1896లో లండన్ యూనివర్సిటీ డీఎస్సీ ఇచ్చింది. 1897 జనవరిలో ఫారడే ప్రయోగాలు చేసిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రం ప్రసంగం ఇచ్చారు. ఆ సభలో మాట్లాడటం శాస్త్రవేత్తకి పెద్ద గౌరవం. బోస్ తన పరికరాలు ఎలా పనిచేస్తాయో అక్కడ దాచకుండా చూపించారు.

సరిగ్గా అదే సమయంలో అదే లండన్‌లో ఇంకో కుర్రాడు ఉన్నాడు. ఇటలీ నుంచి వచ్చిన గుగ్లియెల్మో మార్కోనీ. 1896 జూన్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, మరుసటి ఏడాది కంపెనీ పెట్టాడు. అతని ధ్యాసంతా వ్యాపారం మీద. నేను తప్పు పట్టడం లేదు. తీగ లేకుండా సముద్రం మీది ఓడకి వార్త చేరవేయడం ఎన్నో ప్రాణాలు నిలబెట్టే పని. దాన్ని ప్రయోగశాల నుంచి బయటికి తెచ్చింది అతనే.

1899లో బోస్ రాయల్ సొసైటీకి ఇంకో పత్రం ఇచ్చారు. తరంగాన్ని పట్టుకునే అప్పటి పరికరాలని ప్రతిసారీ చిన్నగా తట్టి మళ్లీ సిద్ధం చేయాల్సి వచ్చేది. బోస్ పాదరసం, ఇనుము కలిపి, టెలిఫోన్ జోడించి, తట్టనక్కర లేకుండా తనంతట తానే తేరుకునే పరికరాన్ని వివరించారు. 1901 డిసెంబర్ 12న మార్కోనీ దాదాపు 3,500 కిలోమీటర్ల అట్లాంటిక్ సముద్రం అవతల, న్యూఫౌండ్‌లాండ్‌లో మూడు చుక్కల సంకేతం విన్నానని ప్రకటించినప్పుడు అతని చెవి దగ్గర ఉన్నది అలాంటి పాదరసపు పరికరమే. ఇటలీ నౌకాదళం ద్వారా అతనికి అందింది. దాని మూలం బోస్ పత్రమేనని 1998లో ప్రోబీర్ బంద్యోపాధ్యాయ్ అనే ఇంజనీరు ఐట్రిపుల్‌ఈ సంస్థ పత్రికలో వివరంగా వాదించారు. ఇంత స్పష్టంగా అచ్చులో ఉన్న పద్ధతిని వాడుకోవడం తప్పు కాదు. తప్పు కాకపోవడమే ఇక్కడ అసలు విషయం.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. 1901 మే నెల. బోస్ మళ్లీ లండన్‌లో ఉన్నారు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. ఇంగ్లండ్‌లో ఉండి పని కొనసాగించడానికి రవీంద్రనాథ్ ఠాగూర్ త్రిపుర మహారాజును అడిగి సాయం పంపించాల్సి వచ్చింది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రసంగానికి కొంచెం ముందు ఒక పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో పేటెంట్ ఫారంతో సహా. ఈ రోజు సభలో అన్నీ చెప్పేయకండి, ముందు పేటెంట్ తీసుకుందాం, ఖర్చు నాది, లాభంలో సగం మీది అని అడిగాడు. కోటీశ్వరుడు అలా బతిమాలడం బోస్‌ని ఇబ్బంది పెట్టింది. ఆయన సంతకం పెట్టలేదు. సభకి వెళ్లి ఉన్నదంతా చెప్పేశారు. తర్వాత ఠాగూర్‌కి ఉత్తరంలో ఈ సంగతి రాస్తూ, ఒక్కసారి ఆ డబ్బు ఆశలో పడితే బయటపడలేనన్న భయం చెప్పుకున్నారు.

ఇది చదివినప్పుడు మీకు ఎలా అనిపించింది? నాకు మొదట గర్వంగా అనిపించింది. రెండోసారి చదివితే అంత తేలికగా లేదు. ఎందుకో చెప్పాలంటే మార్కోనీ కంపెనీ ఆ తర్వాత ఏం చేసిందో చెప్పాలి.

పేటెంట్ అంటే ఒక కొత్త పద్ధతిని కొంతకాలం పాటు ఇతరులు వాడకుండా ఆపే హక్కు. ఇప్పుడు మన దేశంలో అది 20 ఏళ్లు. యజమాని అనుమతిస్తే ఇతరులు వాడుకోవచ్చు, ఆ అనుమతే లైసెన్సు, దానికి కట్టేది రాయల్టీ. మార్కోనీ కంపెనీ తన పరికరాల్ని ఓడలకి అమ్మేది కాదు, ఆపరేటర్‌తో సహా అద్దెకి ఇచ్చేది. ఇంకో కంపెనీ పరికరం ఉన్న ఓడ పిలిస్తే, ప్రమాదం అయితే తప్ప జవాబు ఇవ్వొద్దని తన ఆపరేటర్లకి చెప్పింది. 1902లో జర్మనీ చక్రవర్తి తమ్ముడు ప్రిన్స్ హెన్రీ అమెరికా నుంచి తిరిగి వస్తున్న ఓడలో జర్మన్ పరికరం ఉంది. ఆ ఓడ పిలుపులకి మార్కోనీ స్టేషన్లు పలకలేదు. రాజుగారి తమ్ముడికే దిక్కు లేకపోయేసరికి జర్మనీ 1903లో బెర్లిన్‌లో దేశాల సమావేశం పెట్టింది. 1906లో అక్కడే జరిగిన ఒప్పందంలో, ఏ కంపెనీ పరికరం ఉన్న ఓడతోనైనా తీర కేంద్రాలు మాట్లాడాల్సిందేనని రాసుకున్నారు.

ఓడల బదులు వీధి దీపాలు పెట్టి చూడండి. మన విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్లు 2015లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌కి ఎంపికయ్యాయి. వీధి దీపం, ట్రాఫిక్ కెమెరా, నీళ్ల పైపు మీటరు, బస్సులో జీపీఎస్ పెట్టె ఒక కంట్రోల్ రూముతో మాట్లాడాలి. దేశమంతా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ కరెంటు మీటర్లు పెట్టాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే అందరూ ఒకే పద్ధతి పాటించాలి. 4జీ, 5జీ, వైఫై అలాంటి ఉమ్మడి పద్ధతులు. ఉమ్మడి పద్ధతి అంటే ఉచితం అని కాదు. అందులో వేలకొద్దీ పేటెంట్లు ఉన్నాయి. వాటిని తప్పించుకుని 4జీ పరికరం తయారుచేయడం కుదరదు. అందుకే ఆ పేటెంట్ల యజమానులు న్యాయమైన, సమంజసమైన ధరకి, ఎవరిపట్లా వివక్ష లేకుండా లైసెన్సు ఇస్తామని ముందే మాట ఇవ్వాలి. ఇంగ్లిష్‌లో పొట్టిగా ఫ్రాండ్ అంటారు.

మాట బాగానే ఉంది. న్యాయమైన ధర ఎంత అన్నదగ్గరే కోర్టులకి వెళ్తారు. ఉదాహరణకి దీపం ఖరీదు 5,000 రూపాయలు, లోపల మాట్లాడే చిప్ ఖరీదు 200 అనుకోండి. రాయల్టీ దేని మీద లెక్కగట్టాలి? మాట్లాడేది చిప్ ఒక్కటే కదా అని దీపం చేసేవాడు అంటాడు. మాట్లాడటం వల్లే నీ దీపానికి ఆ ధర వచ్చింది కదా అని పేటెంట్ యజమాని అంటాడు. చిప్ చేసినవాడు కట్టాలా, దీపం చేసినవాడు కట్టాలా? సెల్‌ఫోన్ల పెద్ద కంపెనీలకి లాయర్లు ఉంటారు. అయినా 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, ఎరిక్సన్ పేటెంట్లు వాడినందుకు 244 కోట్ల రూపాయలు కట్టాలని లావా మొబైల్ కంపెనీని ఆదేశించింది. మరి ఏ పారిశ్రామికవాడలోనో 40 మందితో మీటర్లు తయారుచేసే చిన్న యజమాని పరిస్థితి? ఎవరికి కట్టాలో, ఎంతమందికి కట్టాలో అతనికి తెలిసే దారే తక్కువ. ఇంకో వైపు నిజం కూడా ఉంది. కట్టగలిగి కూడా ఏళ్ల తరబడి సాగదీసే కంపెనీలు ఉన్నాయి. పరిశోధన మీద కోట్లు పెట్టినవాళ్లకి అది అన్యాయమే. కార్ల విషయంలో చాలామంది యజమానుల పేటెంట్లు ఒకేచోట లైసెన్సు తీసుకునేలా 2016లో అవాన్సీ అనే ఏర్పాటు వచ్చింది. వీధి దీపం నుంచి చెత్తకుండీ దాకా ఉన్న రకరకాల వస్తువులకి అలాంటి ఒకే గుమ్మం పెట్టడం అంత సులువు కాదు. ఊరి మున్సిపాలిటీ అయితే టెండర్ రాసేటప్పుడే ఈ పేటెంట్ల భారం ఎవరిదో తేల్చుకోవాలి. లేకపోతే దీపాలు వెలిగాక తగువు మొదలవుతుంది.

బోస్ దగ్గరికి తిరిగి వద్దాం. ఆయన కాగితం మీద సంతకం పెట్టనంత మాత్రాన రేడియో అందరిదీ అయిపోలేదు. ఆయన వదిలేసిన చోట ఇంకొకరు కంచె వేసుకున్నారు. ఈ సంగతి ఆయన కన్నా ముందు ఇద్దరు ఆడవాళ్లకి అర్థమైంది. ఒకరు సిస్టర్ నివేదిత. వివేకానందుడి శిష్యురాలు, బోస్ పుస్తకాలు దిద్దిపెట్టిన స్నేహితురాలు. రెండోవారు సారా బుల్, నార్వే వయొలిన్ విద్వాంసుడు ఓలీ బుల్ భార్య, అమెరికన్. బోస్‌ని కొడుకులా చూసుకున్నారు. వీళ్ల పట్టుదల వల్ల 1901 సెప్టెంబర్ 30న అమెరికాలో దరఖాస్తు పడింది. 1904 మార్చి 29న 7,55,840 నంబరుతో పేటెంట్ వచ్చింది. అందులో సగం హక్కు సారా బుల్ పేరు మీద ఉంది.

ఆ పేటెంట్ దేని గురించో తెలిస్తే మీకూ మనసు చివుక్కుమంటుంది. గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క మీద సన్నటి లోహపు మొన ఆనిస్తే అది రేడియో తరంగాల్ని పసిగడుతుంది. సెమీకండక్టర్ అనే మాట వాడుకలోకి రాకముందే బోస్ దాన్ని పనిలో పెట్టారు. ట్రాన్సిస్టర్ కనిపెట్టినవారిలో ఒకరైన వాల్టర్ బ్రాటెన్ తర్వాత 1955లో రాసిన చరిత్రలో, రేడియో తరంగాలకి ఇలాంటి స్ఫటికాన్ని వాడినందుకు బోస్‌కి గుర్తింపు ఇచ్చారు. ఆ పేటెంట్‌ని బోస్ ఏం చేశారు? ఏమీ చేయలేదు. కంపెనీ పెట్టలేదు, లైసెన్సు అమ్మలేదు, ఎవరినీ కోర్టుకి లాగలేదు. నివేదితకి, సారాకి అది బాధ కలిగించింది. అదే సమయంలో అమెరికాలో గ్రీన్‌లీఫ్ పికార్డ్ అనే ఇంజనీరు 1906లో సిలికాన్ స్ఫటికానికి పేటెంట్ తీసుకుని కంపెనీ నడిపాడు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. అప్పట్లో అమెరికా పేటెంట్ కాలం 17 ఏళ్లు. 1904కి 17 కలిపితే 1921. అమెరికాలో రేడియో ప్రసారాలు ఇళ్లలోకి రావడం మొదలైంది 1920 చివర్లో. ఆ ఇళ్లలో తక్కువ ఖర్చుతో రేడియో వినడానికి వాడిన సెట్టులో ఉన్నది గెలీనా స్ఫటికం, దాని మీద సన్నటి తీగ. సరిగ్గా ఆ సెట్లు లక్షల ఇళ్లకి చేరే వేళకి ఆ పేటెంట్ గడువు తీరిపోయింది. పిల్లలు సొంతంగా సెట్లు చేసుకుని పాటలు విన్నారు, ఎవరికీ ఏమీ కట్టలేదు. ఇది బోస్ ఓడిపోయినట్టా, ఆయన కోరుకున్నదే జరిగినట్టా? నేను చాలాసేపు ఆలోచించాను. ఆయన మనసుకి ఇది నచ్చే ఉంటుందనే అనిపిస్తోంది. కానీ నివేదిత వైపు కూడా న్యాయం ఉంది. పేటెంట్ చేతిలో పెట్టుకుని, న్యాయమైన ధరకో ఉచితంగానో అందరికీ ఇవ్వడం కూడా ఒక దారి. ఆ దారి ఆయన ప్రయత్నించలేదు. పరాధీన దేశంలో ల్యాబు కోసం బాత్రూమ్ పక్కన చోటు వెతుక్కున్న మనిషికి, ఆ రాయల్టీతో ఎన్ని ల్యాబులు వచ్చేవో.

1901 నుంచే ఆయన మనసు వేరే వైపు మళ్లింది. తరంగాల్ని పట్టే లోహం ఎక్కువసేపు వాడితే మందగిస్తుంది, కాసేపు వదిలేస్తే తేరుకుంటుంది. మనిషి కండరం అలసినట్టే ఉందే అనుకున్నారు. అక్కడినుంచి మొక్కల దగ్గరికి వెళ్లారు. మొక్క ఎదుగుదలని కంటికి కనిపించేంత పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు. ఆ రోజుల్లో లండన్ శరీరశాస్త్ర పండితులు ఫిజిక్స్ మనిషికి ఇక్కడేం పని అని గట్టిగా వ్యతిరేకించారు. రాయల్ సొసైటీ ఆయన పత్రం ఒకటి అచ్చు వేయకుండా పక్కన పెట్టింది. 1920లో అదే సొసైటీ ఆయన్ని ఫెలోగా ఎన్నుకుంది. ఈ భాగం మన పాఠ్యపుస్తకాల్లో ఉంది, పిల్లల్ని అడిగితే మీకు చెప్తారు.

1917 నవంబర్ 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించారు. దాచుకున్న డబ్బు, దాతలు ఇచ్చిన డబ్బు అందులో పెట్టారు. అప్పటికి నివేదిత, సారా బుల్ ఇద్దరూ లేరు. ఆరేళ్ల ముందు, 1911లోనే పోయారు. ప్రవేశంలో చేతిలో దీపం పట్టుకున్న స్త్రీ శిల్పం నివేదిత జ్ఞాపకంగా పెట్టించారు. అదే రోజు ప్రసంగంలో, ఈ సంస్థలో కనుక్కున్నవి అందరి ఆస్తిగా ఉంటాయని, వాటి మీద ఎప్పుడూ పేటెంట్లు తీసుకోమని ప్రకటించారు. పేటెంట్ తీసుకోమని పోరిన మనిషి శిల్పం గుమ్మంలో, పేటెంట్లు వద్దన్న నియమం లోపల. నన్ను అడిగితే ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన దృశ్యం ఇదే.

1937 నవంబర్ 23న, 79వ పుట్టినరోజుకి వారం ముందు గిరిడీలో ఆయన కన్నుమూశారు. మార్కోనీ కూడా అదే ఏడాది జులైలో పోయాడు.

ఆయన 5 మిల్లీమీటర్ల తరంగాలు అంటే ఇప్పటి భాషలో 60 గిగాహెర్ట్జ్. చాలాకాలం వాటి అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు ఆ బ్యాండ్‌లో అతివేగంగా పనిచేసే ఒక రకం వైఫై ఉంది. 5జీ కోసం మన దేశం 2022లో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఆ కుటుంబంలోదే. ఆ వేలంలో కంపెనీలు ప్రభుత్వానికి డబ్బు కట్టాయి, పరికరాలు చేసేవాళ్లు పేటెంట్ల యజమానులకి కడుతున్నారు. కలకత్తాలో 1894–96 మధ్య జరిగిన ఆ ప్రయోగాల్ని 2012లో ఐట్రిపుల్‌ఈ తన చారిత్రక మైలురాళ్లలో చేర్చింది.

చెత్తకుండీ గురించి అడిగిన నాన్నగారికి నా జవాబు ఇది. కుండీ నిండిందని తెలుసుకునే మీ పిల్లల పద్ధతిలో కొత్తదనం ఉంటే దరఖాస్తు పెట్టవచ్చు. అయితే దాన్ని ఎగ్జిబిషన్‌లో ఇప్పటికే అందరి ముందు చూపించాం కాబట్టి, ఆలస్యం చేయకుండా పేటెంట్ ఏజెంట్‌ని కలవండి. బయటపెట్టిన దానికి తర్వాత పేటెంట్ రావడం కష్టం. మెసేజ్ పంపే బోర్డు మాత్రం మనది కాదు. రాబోయే ఎగ్జిబిషన్ నుంచి పిల్లలు ప్రతి మోడల్ పక్కన ఒక చార్టు పెడతారు, ఏది మేము చేసింది, ఏది ఇంకొకరిది అని.

సెలవుల్లో కోల్‌కతా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులో బోస్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆయన వాడిన పరికరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వెళ్లేముందు అనుమతి, వేళలు కనుక్కుని వెళ్లండి.